రోజూ ఎండేసిన తలగడలు

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి గవర్నమెంటు వారు నెలనెలా జీతమిచ్చి, ఊళ్లు తిరగడానికి మోటారు సైకిలు కూడా ఇచ్చారు. నేను టీబీ సూపర్వైజరుగా పనిచేసి రిటైరైన వాణ్ని. నూజివీడు, రెడ్డిగూడెం, విస్సన్నపేట వైపు ఎవరు దగ్గినా నా మెడ అటు తిరిగేది. పెళ్లికి వెళితే పెళ్లికూతురు ఎలా ఉందో చూసేవాణ్ని కాదు, భోజనాల బంతిలో ఎవరు చిక్కిపోయారో చూసేవాణ్ని. మా ఆవిడ నాతో సినిమాకి రావడం ఎప్పుడో మానేసింది. వెనక వరసలో ఎవరో దగ్గితే ఇంటర్వెల్‌లో వెళ్లి వాళ్ల ఊరూ పేరూ అడిగానని ఆవిడ ఫిర్యాదు. అడిగిన మాట నిజమే. ఆ మనిషి పకోడీ తింటూ పొరబోయి దగ్గాడని తర్వాత తేలింది.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తారు. "మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏదండీ?" అని అడుగుతారు. మందులు వేసుకోనని మామిడితోటలో దాక్కున్న వాడి కథో, చావు అంచుల దాకా వెళ్లి బతికిన వాడి కథో చెబుతాననుకుంటారు. అలాంటివి చాలానే ఉన్నాయి. కానీ నాకు నిద్రలో కూడా గుర్తొచ్చేది అసలు టీబీయే లేని ఒక ఇల్లాలి కేసు. అది మా రికార్డుల్లో కేసే కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా రిటైర్మెంటుకి ముందు వేసవి అది. నూజివీడులో వ్యాపారస్తుల వీధిలో ఒక పచ్చళ్ల ఇల్లు ఉండేది. ఇంటి పెద్ద ఒక షావుకారు గారి భార్య. ఆయన పోయాక కొడుకు మామిడికాయల వ్యాపారం చూసుకుంటుంటే, ఆవిడ ఆవకాయ పెట్టి అమ్మేది. ఆవిడ చేతి ఆవకాయకి విజయవాడ నుంచి కూడా మనుషులొచ్చేవారు. సీజనంతా కొడుకు మార్కెట్లోనే పడుకునేవాడు. ఇంట్లో ఆవిడా, కోడలూ మాత్రమే ఉండేవారు.

ఆ వీధి ఆశా వర్కర్ ఒకరోజు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"సార్, ఆ పచ్చళ్లావిడ ఇంటి డాబా మీద రోజూ పొద్దున్నే తలగడలు ఎండేస్తున్నారండి. దుప్పట్లు కూడా. ఇంట్లో పసిపిల్లలు ఎవరూ లేరు."

"మే నెలండీ. చెమట పట్టదా?" అన్నాను. మే నెలలో నూజివీడులో చెమట పట్టని వాడుంటే వాణ్ని అనుమానించాలి.

"వాళ్ల గదిలో ఏసీ ఉందండి" అంది ఆ అమ్మాయి.

అంతే, నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. మా ఉద్యోగంలో నాలుగు ప్రశ్నలు నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. దగ్గుందా, సాయంత్రం పూట జ్వరం వస్తోందా, బరువు తగ్గారా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా. ఏసీ గదిలో పడుకున్న మనిషి తలగడ తడిసిందంటే నాకు ఇంకేం కావాలి?

మా మోటారు సైకిలు ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటికి ఏం వచ్చిందో ఊరందరికీ తెలుసు. అందుకని బండిని వీధి చివర కిరాణా కొట్టు దగ్గర పెట్టి నడిచి వెళ్లాను. ఆవిడ అరుగు మీదే కూర్చుని ఉంది. భారీ మనిషి. మొహం నిండా కళ, నోటి నిండా మాట. నేనెవరో చెప్పగానే నవ్వింది.

"ఆర్‌ఎంపీ గారు కూడా అదే అన్నారండి, ఒకసారి టీబీ పరీక్ష చేయించుకోమని. రాత్రి పడుకుంటే చాలు, ఒళ్లంతా నీళ్లు కారిపోతాయి. మొదట్లో నెలసరి ఆగిపోయే వయసు కదా, దాని వల్లే అన్నారు. అది ఆగిపోయి చాలా ఏళ్లయింది, ఇది మాత్రం ఆగలేదు."

"దగ్గుందా అమ్మా?"

"లేదండి."

"బరువు తగ్గారా?"

"నన్ను చూసి అడుగుతున్నారా ఆ మాట?" అంది. నిజమే. ఆ ప్రశ్న అడిగినందుకు నాకే సిగ్గేసింది.

అప్పుడు ఆవిడ లోపలికి చూసి కేకేసి, నా చేతిలో ఒక ఆవకాయ ముక్క పెట్టించింది. "తినండి. భయమా?" అంది. భయమే. కానీ తిన్నాను. అంత మంచి ఆవకాయ తిన్నాక అనుమానం ఇంకా గట్టిపడింది. ఇంత చక్కగా మాట్లాడే మనిషి ఏదో దాస్తోంది అనిపించింది. నా బుద్ధి అలాంటిది.

ఆవిడ భయం వేరే ఉంది. దాన్ని తనే చెప్పుకుంది. పచ్చడికి తడే శత్రువు. కాయని కడిగి తుడిచి, కొట్టిన ప్రతి ముక్కనీ జీడి తీసి, పొర గీకి, పొడిబట్టతో మళ్లీ తుడవాలి. ఒక్క నీటిబొట్టు తగిలినా జాడీ బూజు పడుతుంది. ఏటా ముక్కలు కొట్టే రోజున వీధి ఆడవాళ్లంతా వచ్చి వరసగా కూర్చుని తుడిచి పెట్టేవారు. పోతూపోతూ తలా ఒక చిన్న జాడీ పట్టుకెళ్లేవారు. అది ఆ వీధి ఆనవాయితీ.

"ఇప్పుడు అందరికీ నా ఒంటి తడి మీదే కన్నండి. పోయినేడు ఒక జాడీ బూజు పట్టింది. నా చెమటే పడిందన్నారు. ఇప్పుడు టీబీ కూడా అన్నారంటే ఇంక నా చెయ్యి ఎవరూ పచ్చడిలో పెట్టనివ్వరు. కొడుకు సంపాదన ఉంది, తినడానికి లోటు లేదు. కానీ ఈ పని లేకపోతే నేను ఇంట్లో ఒక మంచమండి, అంతే" అంది ఆవిడ.

కళ్లె పరీక్షకి డబ్బా ఇచ్చి వచ్చాను. మర్నాడు కోడలు తెచ్చి ఇచ్చింది. మా ల్యాబ్ టెక్నీషియను నా కంటే సీనియరు, నా కంటే నోరు ఎక్కువ. డబ్బా ఎత్తి వెలుతురులో చూసి, "ఇది కళ్లె కాదు గురూ, తీర్థం" అన్నాడు. ఉత్త ఉమ్ము. దగ్గు లేని మనిషి ఇంకేం ఇవ్వగలదు అని ఆలోచించాలి కదా? నేను అలా ఆలోచించలేదు. ఇది కోడలి ఉమ్మేమో అని అనుమానించాను. అలాంటివి చూశాను మరి. పెళ్లికెదిగిన కూతురున్న తండ్రులు బావమరిది కళ్లె పంపిన ఇళ్లు కూడా నాకు తెలుసు.

ఎక్స్‌రే తీయించాం. ఊపిరితిత్తులు అద్దంలా ఉన్నాయి. మా ఆసుపత్రి డాక్టరమ్మ చిన్నపిల్ల, కొత్తగా చేరింది. ఫిల్ము చూసి నా వైపు తిరిగింది.

"దగ్గు లేదు, బరువు తగ్గలేదు, ఎక్స్‌రే బాగుంది. ఇంకా ఏంటండీ మీ అనుమానం?"

"ఆ ఇంట్లో ఏదో దాస్తున్నారు మేడమ్" అన్నాను.

ఎందుకన్నానో చెబుతాను. కళ్లె డబ్బా వచ్చాక రెండు మూడుసార్లు ఆ ఇంటికి వెళ్లాను. ప్రతిసారీ మధ్యాహ్నం పూటే. కోడలు గుమ్మం దగ్గరే నిలబడి, "అత్తయ్య గారు బజారుకెళ్లారండి" అనేది. అని, గబగబా వంటింట్లోకి వెళ్లి మిక్సీ వేసేది. ఒకసారి టీవీ సౌండు పెంచేసింది. ఇంటికొచ్చిన మనిషితో మాట్లాడాల్సిన పిల్ల మిక్సీ ఎందుకు వేస్తుంది? అడిగితే, "ఆవాలు ఆడుతున్నానండి" అంది. ఆవాలు నలిగే చప్పుడుకీ, ఖాళీ జారు తిరిగే చప్పుడుకీ తేడా తెలియని వాణ్నా నేను? అది ఉత్త జారు. పైగా ఆవిడ చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి.

లోపల ఆవిడ దగ్గుతోంది, ఆ దగ్గు నాకు వినపడకుండా ఈ పిల్ల మిక్సీ వేస్తోంది. ఇదీ నేను కట్టిన లెక్క. దొంగ దొరికినంత సంతోషమేసింది.

ఈలోగా వీధి తన పని తాను చేసుకుపోయింది. నా బండి కిరాణా కొట్టు దగ్గర ఆగినా, నేను నడిచింది ఎటో కొట్టాయనకి కనపడదా? ఆశా వర్కర్ చెప్పింది, వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే ఈసారి ముక్కలకి రాలేమంటున్నారట. ఒకావిడకి నడుం నొప్పి. ఒకావిడ పుట్టింటికి వెళుతోంది. ఒకావిడకి ఏ నొప్పీ లేదు గానీ ఆలోచించి చెబుతానంది. తోటలో కాయ ముదిరిపోతోంది. టెంక గట్టిపడి, పులుపు పోకముందే కొట్టాలి. ఒక్క వాన పడిందంటే ఆ ఏటికి ఆవకాయ అయిపోయినట్టే.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలైన వేళకి కావాలనే వెళ్లాను. కోడలు ఎప్పటిలాగే గుమ్మంలోకి వచ్చింది. అత్తయ్య గారు ఎప్పటిలాగే బజారుకెళ్లారు. మిక్సీ ఎప్పటిలాగే మోగింది. నేను హాల్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "వచ్చేదాకా ఉంటానమ్మా" అన్నాను. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. మిక్సీ మాత్రం ఆపలేదు. మోటారు కాలిన వాసన మొదలైంది.

అప్పుడు కరెంటు పోయింది.

ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ మిక్సీ ఆగిపోయింది. లోపలి గదిలోంచి చప్పుడు వచ్చింది. దగ్గు కాదు. గురక. మామూలు గురక కూడా కాదు. మామిడి లోడు లారీ గేరు మార్చి మిట్ట ఎక్కుతున్నట్టు, తలుపులు అదిరే గురక. నాకు నవ్వొచ్చింది. ఇంతలో అది ఠక్కున ఆగిపోయింది. ఆగి, ఇంక రాలేదు. నేను కుర్చీలోంచి లేచాను. ఎంతకీ ఏ చప్పుడూ లేదు. కోడలు లోపలికి పరిగెత్తబోయింది. అప్పుడు పీక పట్టుకుని వదిలినట్టు ఒక్క పెద్ద శ్వాస. మళ్లీ గురక.

ఆ పిల్ల గోడకి ఆనుకుని ఏడ్చేసింది.

"ఇదేనండి. ఇదే దాచింది. అత్తయ్య గారు ఒట్టేయించుకున్నారు. పోయినేడు పెళ్లికెళితే సత్రంలో అందరం ఒకే హాల్లో పడుకున్నాం. ఎవరో ఈ గురక ఫోన్లో రికార్డు చేసి చుట్టాల గ్రూపులో పెట్టారండి. అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. అప్పట్నుంచి ఎవరింటికీ వెళ్లరు. 'దగ్గుందని చెప్పినా పర్లేదు, ఆడదాని గురక మాట మాత్రం మగాళ్ల ముందు ఎత్తకు' అన్నారండి నాతో."

"ఊపిరి ఆగిపోవడం నువ్వు రోజూ చూస్తున్నావా అమ్మా?"

"రోజూనండి. ఆగినప్పుడల్లా భుజం పట్టి కదుపుతాను. అప్పుడే ఒళ్లంతా చెమట పట్టేస్తుంది, ఇదిగో చూడండి" అంటూ లోపలికెళ్లి తడిసిందని ఆవిడ తల కింద నుంచి తీసి పక్కన పెట్టిన తలగడ తెచ్చి నా చేతికిచ్చింది. అప్పటిదాకా ఏసీలో ఉండి తలగడ చల్లగా ఉంది. పిండితే కారేంత తడిగా కూడా ఉంది.

నేను అనుమానించింది నిజమే. ఆ ఇంట్లో దాస్తూనే ఉన్నారు. కాకపోతే నేను వెతికిన వస్తువు వేరు, వాళ్లు దాచిన వస్తువు వేరు. నాలుగు ప్రశ్నలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవాణ్ని కదా, ఆ నిద్ర ఎలా ఉందని ఒక్కరినీ ఎప్పుడూ అడగలేదు.

ఈ సంగతి చెప్పేసరికి డాక్టరమ్మ కుర్చీలోంచి ముందుకి వంగింది. మర్నాడు ఆవిణ్ని పిలిపించి నేను ఎప్పుడూ వినని ప్రశ్నలు అడిగింది. పొద్దున్నే తలనొప్పి ఉంటోందా? ఉంది. నోరు ఎండిపోతోందా? అవును. పగలు కూర్చున్న చోటే నిద్ర వస్తోందా? అరుగు మీదే వచ్చేస్తోంది. రాత్రి బాత్రూముకి ఎన్నిసార్లు లేస్తారు? చాలాసార్లు. బీపీ చూస్తే అది కూడా ఎక్కువే. ఇంకేదైనా ఉందేమోనని థైరాయిడ్, షుగరు పరీక్షలు కూడా రాసింది. అవి బాగానే వచ్చాయి.

"దీన్ని స్లీప్ ఆప్నియా అంటారమ్మా. నిద్రలో గొంతు వెనక దారి మూసుకుపోయి ఊపిరి ఆగిపోతుంది. ఒళ్లు గాలి కోసం పెనుగులాడుతుంది, గుండె దడదడలాడుతుంది. ఆ పెనుగులాటకి పట్టే చెమట ఇది. మీకు తెలియదు గానీ రాత్రంతా మీరు కుస్తీ పడుతున్నారు" అంది డాక్టరమ్మ.

"ఎవరితోనమ్మా?" అంది ఆవిడ.

"మీ గొంతుతోనే."

"నా గొంతుతో మా ఆయనే గెలవలేకపోయాడు" అంది ఆవిడ. ఆ తర్వాత కళ్లు తుడుచుకుంది.

విజయవాడలో పరీక్ష చేయించారు. నిద్రలో ఊపిరి ఎన్నిసార్లు ఆగుతోందో కనిపెట్టే పరికరం ఒకటి వేలికీ ముక్కుకీ తగిలించి పడుకోబెట్టారట. డాక్టరమ్మ చెప్పిందే తేలింది. మొహానికి మాస్కు పెట్టుకుని పడుకుంటే గొంతు మూసుకుపోకుండా గాలి కొట్టే మిషను ఇచ్చారు. బరువు తగ్గమన్నారు. ఆ రెండో మాట తనకి వినపడలేదని ఆవిడ తర్వాత నాతో చెప్పింది.

జబ్బు సంగతి తేలింది. వీధి సంగతి తేలలేదు. ముక్కలు కొట్టాల్సిన రోజు పొద్దున్నే ఆవిడ నాకు కబురు పెట్టింది. వెళ్లేసరికి హాలంతా చాపలు పరిచి ఉన్నాయి. కాయలు కడిగి ఆరబెట్టారు. కత్తి మనిషి వచ్చి కూర్చున్నాడు. చాపల మీద కోడలు ఒక్కతే ఉంది. వీధిలో ఆడవాళ్లు ఎవరి అరుగుల మీద వాళ్లు నిలబడి ఇటే చూస్తున్నారు.

"మీరొక్క మాట చెప్పండి సూపర్వైజరు గారూ. నాకు టీబీ లేదని బయటికెళ్లి చెప్పండి. మీ మాట నమ్ముతారు" అంది ఆవిడ.

"అమ్మా, టీబీ ఆయనొచ్చి టీబీ లేదంటే ఉందనే అర్థం. నేను చెబితే కత్తి మనిషి కూడా వెళ్లిపోతాడు" అన్నాను.

 నాకు ఆవిడ మీద చెప్పలేనంత జాలి వేసింది. లేని జబ్బుని పోగొట్టుకోవాలంటే, ఉన్నదాన్ని వీధిలో పెట్టాలి. ఆ సంగతి ఆవిడకి నా కంటే ముందే అర్థమైనట్టుంది. లోపలికి వెళ్లింది. మిషను చంకలో పెట్టుకుని, మాస్కు చేత్తో పట్టుకుని తిన్నగా అరుగు మీదికి వెళ్లి నిలబడింది.

"ఇదిగో, వినండర్రా! నాకు టీబీ లేదు. నాకున్నది గురక. ఊపిరి ఆగిపోయే గురక. అందుకే చెమట. ఇదిగో దాని మిషను, ఇదిగో ఇట్లా పెట్టుకుని పడుకోవాలి." మాస్కు మొహానికి తగిలించుకుని అటూ ఇటూ తిరిగి చూపించింది. తీసి మళ్లీ మొదలెట్టింది. "నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. కాయ ముదిరిపోతోంది, నాకు టైము లేదు. మా కోడలు ఏడాదిగా నేను గురక పెడుతుంటే పడుకునేది, ఆగితే లేచేది. ఈ మిషను పెట్టుకున్న మొదటి రాత్రి చప్పుడే లేదని, పోయాననుకుని నన్ను కుదిపి లేపేసింది. అట్లాంటి పిల్ల చేత అబద్ధాలాడించాను, సిగ్గుపడి. ఇంక నాకు సిగ్గు లేదు."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత వీధంతా నవ్వింది. ఆవిడ కూడా నవ్వింది. నడుం నొప్పి అన్నావిడ మొదట అరుగు దిగింది. పుట్టింటికి వెళతానన్నావిడ ఊళ్లోనే ఉన్నట్టు అప్పుడు తెలిసింది. ఒక్కొక్కరే చీరకొంగులు దోపుకుని లోపలికొచ్చి చాపల మీద కూర్చున్నారు.

వాళ్లలో పెద్దావిడ ఒకరు గుమ్మంలోనే ఆగిపోయింది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"అంతా బాగానే ఉంది వదినా. టీబీ లేకపోతే మరి ఈ టీబీ ఆయన మీ ఇంట్లో ఏం చేస్తున్నాడు?"

అందరి చేతులూ ఆగిపోయాయి.

"ముక్కలు తుడవడానికి పిలిచాను. మనుషులు చాలరేమోనని" అని ఆవిడ ఒక పొడిబట్ట నా ఒళ్లో పడేసింది.

చేసేదేముంది? చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. కత్తి టకటకా పడుతోంది. నేను జీడి తీసి, పొర గీకి, తుడిచి పక్కన పెడుతున్నాను. నా చేతులు సరిగ్గా తుడుస్తున్నాయా అని ఎవరూ చూడటం లేదు. అందరూ నా గొంతు వైపు చూస్తున్నారు. అంతకాలం నేను జనాన్ని చూసిన చూపు అదే. దాని కింద కూర్చుంటే ఎంత ఉక్కపోతగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

పక్కనే పళ్లెంలో కారం, ఆవపిండి కుప్పలు పోశారు. ఫ్యాను గాలికి ఆ ఘాటంతా తిన్నగా నా ముక్కులోకే వచ్చింది. గొంతులో దురద మొదలైంది. ఆవకాయ ఇంట్లో ఎవరు దగ్గినా తప్పు లేదు, నేను ఒక్కసారి దగ్గితే మాత్రం ఆవిడ సీజను అక్కడితో సరి. పళ్లు బిగబట్టాను. ముక్క తుడిచాను. ఇంకో ముక్క తుడిచాను. కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారిపోతున్నాయి, అవి ముక్కల మీద పడకుండా తల వెనక్కి పెట్టాను. పెద్దావిడ అడగనే అడిగింది, "ఏంటి బాబూ, ఏడుస్తున్నారా?" అని. నోరు తెరిస్తే దగ్గొస్తుంది. అవునని తలూపాను.